యుద్ధం చూడని యుద్ధనౌక

కరోనాకు ముందు ఏడాది. మార్టూరులో మా గ్రానైట్ షెడ్డుకు సత్యనారాయణగారని, నేవీలో చేసి రిటైరైన పెద్దాయన వచ్చారు. తాను పనిచేసిన డిస్ట్రాయర్ చరిత్రను నల్లరాతి మీద చెక్కాలన్నారు. డిస్ట్రాయర్ అంటే పెద్ద ఓడలకు కాపలా తిరిగే వేగమైన యుద్ధనౌక. రెండో ప్రపంచయుద్ధం ముగిశాక కట్టారట. ఇప్పుడది లేదు, విడగొట్టి తుక్కు కింద అమ్మేశారు.

"మా ఊరి యోహాను అందులోనే పోయాడండి. వాళ్లింటి ముందు పెట్టాలి. ఆదివారానికల్లా తెస్తానని వాళ్లావిడకు మాటిచ్చాను" అన్నారు.

చరిత్రంతా ఆయనకు నోటికే వచ్చు. "తుపానంటే పడవలన్నీ రేవుకొస్తాయి. మా ఓడ రేవు వదిలి వెళ్లేదండి, జాలర్లను తేవడానికి" అంటుంటే నాకు ఒళ్లు గగుర్పొడిచింది.

సమాధి రాళ్లు చెక్కీ చెక్కీ నాకు పొగడ్త అలవాటైపోయింది. పిసినారిని దానకర్ణుడని చెక్కిన చెయ్యి ఇది. ఆయన మురిసిపోతారనుకుని, అడక్కపోయినా పైన ఒక లైను కలిపాను: 'యుద్ధాల్లో శత్రువుల గుండెల్లో నిద్రపోయిన నౌక'. మా పనిలో స్టెన్సిల్ అంటే అక్షరాలు కత్తిరించిన రబ్బరు పొర. దాన్ని రాతికి అతికించి, గాలితో ఇసుక కొడితే అక్షరం లోతుగా దిగుతుంది. దిగాక చెరపడానికి ఉండదు.

శనివారం పొద్దున్నే వచ్చి చదివారు. "ఏ యుద్ధం అండీ? మా ఓడ ఒక్క యుద్ధమూ చూడలేదే!"

"ఒక్క లైనే కదండీ, ఎవరడుగుతారు?" అన్నాను.

ఆయన ఆఖరి లైను మీద చెయ్యి పెట్టారు. "ఇంజిన్ గది అంటుకుంటే యోహాను నన్ను పైకి నెట్టేశాడు. తను లోపలే ఉండి ఆయిల్ వాల్వు కట్టేశాడు. పై లైను అబద్ధమైతే, ఈ లైను ఎవరు నమ్ముతారండీ?"

సిగ్గేసింది. అక్షరాలన్నీ పోయేదాకా రాయిని అరగదీసి, మళ్లీ పాలిష్ పట్టి, సాయంత్రానికి కొత్తగా చెక్కాం. ఈసారి పై లైను ఆయనే చెప్పారు: 'ఈ నౌక యుద్ధం చేయలేదు, కాపలా కాసింది.'

ఆదివారం నేనూ వెళ్లాను. యోహాను భార్య మరియమ్మగారికి చదువు రాదు. సత్యనారాయణగారు చదువుతుంటే మొదటి లైను దగ్గరే ఆపింది.

"అయితే మా ఆయన చేతుల్లో ఎవరూ చావలేదా అన్నయ్యా?"

"లేదమ్మా. వాడి చేతుల్లో మేమందరం బతికాం."

"ప్రార్థనకు కూర్చున్నప్పుడల్లా ఇదే భయం అన్నయ్యా. మిమ్మల్ని అడగడానికి నోరు రాలా" అంటూ ఆమె రాయిని రెండు చేతులా పట్టుకుని ఏడ్చింది.

నా లైనుతో ఆ తల్లికి ఏం ఇవ్వబోయానో అప్పుడు అర్థమైంది. అప్పట్నుంచి ఏ రాతి మీదా నా సొంత మాట ఒక్కటీ చెక్కలేదు.