గీత తాకిన బంతి

మరిసెల్ గస్తాల్దికి కుదురుగా కూర్చోవడం చేతకాదు. రఫయేలా ఊళ్లో ఆమెను ఎరిగినవాళ్లు ముందుగా చెప్పే మాట అదే. అన్నం దగ్గర కూడా బల్ల కింద పాదాలు అటూ ఇటూ జారుతూనే ఉండేవి. "ఒంటికి చీమలు పట్టాయా ఏమే నీకు?" అని మేనత్త విసుక్కునేది.

తండ్రి ఆల్దో అక్కడి క్లబ్బులో ఆరు టెన్నిస్ కోర్టులు చూసుకునేవాడు. ఎర్రటి ఇటుక పొడి పరచడం, పొద్దున్నే తడపడం, చాప ఈడ్చి చదును చేయడం, తెల్ల గీతల మీద దుమ్ము ఊడవడం ఆయన పని. క్లబ్బు వెనకాలే రెండు గదుల ఇల్లు. ఆ ఇంట్లో ఎన్నిసార్లు ఉతికినా ఏ మేజోడూ తెల్లబడి ఎరగదు. మధ్యాహ్నం ఊరంతా తలుపులేసుకుని కునుకు తీసే వేళ కోర్టులు ఖాళీగా ఉండేవి. ఆ మండుటెండలో మరిసెల్ ఒక్కతే గోడకేసి బంతి బాదేది. ఆల్దో ఆమెకు ఆట నేర్పలేదు, నేలను చదవడం నేర్పాడు.

"ఇటు రా తల్లీ, ఈ గుర్తు చూడు. నేలబారుగా దూసుకొచ్చిన బంతి పొడుగ్గా గీసుకుపోతుంది. పైనుంచి పడ్డది గుండ్రంగా దిగుతుంది. ఏది ఎవరు కొట్టారో నన్నడక్కర్లేదు, నేలనడుగు."

పదహారేళ్లకు రాష్ట్రంలో ఆమెను ఓడించేవాళ్లు లేకుండా పోయారు. సర్వీసులో బలం లేదు. కానీ ఇటుక పొడి మీద ఆమె కాలు ఎంత దూరమైనా జారి బంతిని అందుకునేది. అందుకున్న ప్రతి బంతినీ ఎత్తుగా, లోతుగా, గిర్రున తిప్పి పంపేది. ఎదుటివాళ్లు అలసిపోయి తప్పు చేసేదాకా పంపుతూనే ఉండేది. సిమెంటు కోర్టెక్కితే మాత్రం బూటు నేలకు పట్టేసేది. అలాంటి చోట్ల పదకొండు టోర్నమెంట్లు ఆడి ఒక్కసారి కూడా మొదటి రౌండు దాటలేదు. అందుకే ఎర్ర నేల ఎక్కడుంటే అక్కడికి బస్సెక్కి పోయేది.

ఆ తిరుగుళ్లలో తోడు ఇవోన్ ఎచెవెరి. సరిహద్దు నది అవతల, ఉరుగ్వేలోని పైసాందూ ఊరి పిల్ల. చౌక హోటళ్లలో ఇద్దరిదీ ఒకే గది.

"ఏమే బక్కదానా, ఆ తిరుగుడు ఆపుతావా? నిన్ను చూస్తుంటే నా తల తిరుగుతోంది."

"అయితే గోడవైపు తిరిగి పడుకో."

ఇద్దరికీ ఇరవై రెండేళ్లప్పుడు అసున్సియోన్ టోర్నమెంటు ఫైనల్లో ఒకరికొకరు ఎదురుపడ్డారు. గెలిచినవాళ్లకు ఆ ఏడాది యూరప్‌లో పెద్ద పోటీలకు దారి దొరుకుతుంది. ఆల్దో జీవితంలో మొదటిసారి దేశం దాటి, పద్నాలుగు గంటలు బస్సులో కూర్చుని చూడటానికి వచ్చాడు. కూతురి వెనకవైపు కంచె పట్టుకుని నిలబడ్డాడు.

మూడో సెట్టు. ఇంకొక్క పాయింటు వస్తే కప్పు ఇవోన్‌దే. ఇవోన్ బ్యాక్‌హాండ్ అందరికీ తెలిసినదే, కత్తి విసిరినట్టు నేలబారుగా వస్తుంది. అదే కొట్టింది. మరిసెల్ అందుకోలేకపోయింది. బంతి వెనక గీత మీద పడింది. సగం గీత మీద, సగం బయట. గీతను తాకితే లోపలే లెక్క. మరిసెల్ కళ్లారా చూసింది.

చూసి కూడా, బయట పడిందని చెయ్యెత్తింది. గీతకు వేలెడు అవతల అంతకుముందెప్పుడో పడ్డ గుండ్రటి గుర్తు ఒకటుంది. ఆమె రాకెట్టు దాని చుట్టూ గీత గీసింది. అంపైరు కుర్చీ దిగి వచ్చి, వంగి చూసి, వేలు పైకెత్తాడు. బయట.

ఆ తర్వాత మూడు గేములూ మరిసెల్ గెలిచింది. వల దగ్గర ఇవోన్ ఆమెను కావలించుకుని, "పోన్లేవే, నా చెయ్యే వణికింది" అంది.

తిరుగు బస్సులో ఆల్దో దారి పొడుగునా కిటికీలోంచే చూశాడు. కప్పు చూపించమని అడగలేదు.

మరిసెల్ ఆట ఆ తర్వాత పదకొండేళ్లు సాగింది. ప్రపంచంలో ఎనభై మూడో స్థానం దాకా వెళ్లింది. సిసిలీలో ఓసారి తనకంటే డెబ్భై స్థానాలు పైనున్న అమ్మాయిని మూడున్నర గంటలు పరిగెత్తించి ఓడించింది. ఇవోన్ ఆట మాత్రం ఏడాదిలోనే ముగిసింది. గట్టిగా కొట్టాల్సిన బ్యాక్‌హాండ్‌ను మెల్లగా నెట్టడం మొదలుపెట్టింది. ఎందుకలా నెడుతోందో మరిసెల్‌కు తెలుసు. తెలిసీ నోరు విప్పలేదు. ఇవోన్ ఊరికి పోయి పెళ్లి చేసుకుని, భర్త వాల్తేర్‌తో నారింజ మొక్కలు పెంచుకుంటోందని తర్వాత విన్నది.

అప్పటినుంచి మరిసెల్‌కు ఒక అలవాటు పట్టుకుంది. అనుమానం ఉన్న ప్రతి బంతీ ఎదుటివాళ్లకే వదిలేసేది. అంపైరు దిగేలోపే బూటుతో గుర్తు చెరిపేసి "లోపలే పడింది" అనేది. స్పష్టంగా బయట పడ్డవి కూడా. పేపర్లలో నిజాయితీపరురాలని రాశారు. అలా రాసిన పేపరు ఇంటికొస్తే మడిచి పొయ్యిలో పెట్టేది.

"మతి పోయిందా? ఆ బంతి జానెడు బయటుంది!" అని తీతో అనే ఆమె కోచ్ నెత్తి కొట్టుకునేవాడు.

"నాకు లోపల కనబడింది."

"నీ కళ్లు నాకు తెలీవా?"

ముప్ఫై మూడో ఏట తుంటి నొప్పితో ఆట మానేసింది. సన్మానం చేస్తామని, అసున్సియోన్ కప్పుతో ఉన్న ఫోటో హాల్లో తగిలిస్తామని క్లబ్బువాళ్లు అన్నారు. ఆ మాట విన్న మర్నాడు పొద్దున, గీతలు ఊడుస్తున్న తండ్రి దగ్గరికి వెళ్లింది.

"నాన్నా, అసున్సియోన్‌లో ఆ బంతి..."

"ఊఁ. పొడుగు గుర్తు గీత మీద ఉంది. నువ్వు చూపించింది గుండ్రంది."

"మరి ఇన్నేళ్లూ ఒక్క మాటైనా అనలేదేం?"

ఆల్దో చీపురు ఆపలేదు. "ఆ రోజు ఆడింది నువ్వు. నేను కంచె అవతల ఉన్నాను. రోజూ చెబుతావేమోనని చూశాను. తర్వాత అడగడానికి నాకే భయమేసింది."

ఆ వారమే కప్పు సంచిలో పెట్టుకుని పైసాందూ బస్సెక్కింది. ఇవోన్ తోటలో నారింజ మొక్కలకు అంటు కడుతోంది. చూడగానే కేకేసింది. "ఒసేయ్ బక్కదానా! చెప్పకుండా ఊడిపడ్డావే! కూర్చో, కూర్చో. ఓ, నీకది రాదు కదూ!" సొరబుర్రలో మాతే ఆకుల తేనీరు కలిపి అందించబోయింది. మరిసెల్ అందుకోలేదు. నిలబడే చెప్పేసింది.

ఇవోన్ సొరబుర్ర కింద పెట్టింది. పుల్ల తీసుకుని మట్టిలో గీత గీసింది.

"చూపించు. ఎక్కడ పడింది?"

మరిసెల్ వంగి వేలు పెట్టింది. "ఇదిగో, సగం గీత మీదే."

ఇవోన్ కూడా వంగి ఆ వేలు వంక చూసింది. "అయితే నా చెయ్యి వణకలేదన్నమాట." ఉన్నట్టుండి లేచి మొక్కల వైపు అరిచింది. "వాల్తేర్! ఓ వాల్తేర్! లోపలే పడిందట! నేను గెలిచానట!" అరుస్తూనే ఏడ్చింది. కళ్లు తుడుచుకుని ఇటు తిరిగేసరికి ఆమె మొహం మారిపోయింది.

"ఆ సంచిలో ఏంటి, కప్పా? నాకెందుకది? నా బ్యాక్‌హాండ్ తెచ్చావా? దాన్ని నమ్మడం మానేశానే నేను. పదకొండేళ్లుగా పిరికిదాన్ననుకుంటున్నాను. నువ్వు పక్క మంచం మీద పడుకుని కూడా చెప్పలేదు."

"తప్పే ఇవోన్."

"వెళ్లు. ముందిక్కణ్ణుంచి వెళ్లు."

వాల్తేర్ మరిసెల్‌ను బస్‌స్టాండులో దింపాడు. ఆమె దిగేటప్పుడు, "ఇప్పట్లో రాకండి" అన్నాడు.

ఊరికొచ్చి క్లబ్బులో సంగతంతా చెప్పింది. "ఎవరూ అడగందే ఎందుకమ్మా ఈ గొడవ?" అని కార్యదర్శి గొణిగాడు. ఫోటో తగిలించలేదు. సన్మానమూ జరగలేదు. చెబితే కాళ్లు కుదుటపడతాయనుకుంది కానీ, పడలేదు. ఆల్దోకు నడుము పట్టేయడంతో కోర్టుల పని ఆమె మీదే పడింది.

రెండు వేసవులు గడిచాక తీతో ఒక కబురు తెచ్చాడు. ఇవోన్ పైసాందూలో శనివారాలు ఆడుతోందట. బ్యాక్‌హాండ్ పూర్తి బలంతో కొడుతోందట. సగం బంతులు కంచె దాటిపోతున్నా నవ్వుతోందట.

"నా గురించి ఏమైనా అందా?"

"లేదు."

మరిసెల్ ఫోను తీసింది. ఇవోన్ నంబరు సగం నొక్కి ఆపేసింది. నాలుగో కోర్టు ఎండకు పొడిబారి గాలికి దుమ్ము లేస్తోంది. గొట్టం లాక్కుంటూ అటు నడిచింది.