తలకాయల్లేని జాతర

కొత్త కోడలిగా అనకాపల్లి వచ్చిన ఆ రోజుల్లో, అంటే రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో, బొమ్మల గురించి నాకు గట్టి అభిప్రాయాలుండేవి. ఆవుకి కొమ్ములుండాలి, మనిషికి ముక్కుండాలి. మా పెద్దాడపడుచు బడిలో డ్రాయింగు టీచరు. విశాఖలో బొమ్మల ప్రదర్శనకి ఆవిడకదే మొదటి పిలుపు. వరండా పొడుగునా గుడ్డ పరిచి, నెల్లాళ్లుగా దాని మీద ఎరుపూ పసుపూ చిమ్ముతూ ఉండేది.

“ఏటొదినా ఇది?”

“జాతరే. జనం.”

“మరి తలకాయలేవి?”

“తలకాయలు కాదే, తోపులాట గీత్తన్నాను.”

“తలకాయల్లేకుండా ఎవులు తోసుకుంటారొదినా?” అన్నాను. (ఆ పూట నేనిచ్చిన టీ ఆవిడ తాగలేదు.)

బొమ్మ వారంలో విశాఖ చేరాలనగా మా వీధికి అమ్మవారి ఘటం వచ్చింది. ఘటం ఎత్తుకున్నామె వట్టి నేల మీద నడవకూడదని ప్రతి గుమ్మం ముందూ ఉతికిన చీర పరుస్తారు. నేనేమో మా చీరలన్నీ సబ్బునీళ్లలో నానబోసి కూర్చున్నాను. వదిన స్నానానికి వెళ్లింది. డప్పులు పక్కింటిదాకా వచ్చేశాయి. అంత పొడుగు గుడ్డ, అందులోనూ జాతర బొమ్మ. అమ్మవారి పాదం పడితే విశాఖలో వదినకి తిరుగుండదనుకుని (నా తెలివికి నాకే ముచ్చటేసింది) ఈడ్చుకెళ్లి వీధిలో పరిచేశాను. ఆడవాళ్లు బిందెలతో పసుపునీళ్లు పోశారు. అంతవరకూ ఏ గుమ్మం దగ్గరా ఆగని ఘటం సరిగ్గా మా బొమ్మ మీదే పూనకమొచ్చి గిరగిరా తిరిగింది. వెనకే డప్పులవాళ్లు, వాళ్ల వెనక వీధి వీధంతా! తడిజుట్టుతో పరిగెత్తుకొచ్చిన వదిన, అమ్మవారి కాళ్లకింద గుడ్డ లాగలేక, రెండు చేతులూ జోడించి వలవలా ఏడ్చింది.

“నీ ఆడపడుసుకెంత బక్తే కోడలా!” అంది పక్కింటి ముసలమ్మ. “సూడు, కళ్లమ్మట నీళ్లెలా కారతన్నాయో!”

జనం వెళ్లాక నేను చీడికాడలో మా పుట్టింటికి పోవడానికి సంచి సర్దుకున్నాను. వదిన బొమ్మ ముందు కూర్చుని మడమల గుర్తులు, పసుపు చారలు, అతుక్కున్న వేపాకులు చూస్తూనే ఉంది. ఎంతసేపటికో, “ఓలే, ఇలా రా. ఆ మూల ఖాళీగుంది. నువ్వూ తొక్కు,” అంది.

“నానా? నాను తొక్కనొదినా!”

“వీధంతా తొక్కీసింది, ఇప్పుడు నీకేటే మర్యాద?”

ఇద్దరం చీరలు ఎగ్గట్టి, రంగులో కాళ్లు ముంచి ఎగిరాం. నవ్వలేక అక్కడే కూలబడ్డాం. విశాఖలో జనం ఆ బొమ్మ ముందు గుమిగూడిపోయారు. మాతో వచ్చిన ముసలమ్మ దానికి కొబ్బరికాయ కొట్టబోతే ఆపడానికి ముగ్గురు కావలసివచ్చింది.

ఇప్పటికీ అలాంటి రంగుల బొమ్మ ఎక్కడ కనిపించినా నా కాళ్లు ఊరుకోవు, తెలియకుండానే ఒక చెప్పు విడిచేస్తాను. అయితే, యాభయ్యో ఏడు దగ్గరపడ్డాక నేను అక్షరాలు దిద్దుకున్నాను. బొమ్మ కింద ‘ముట్టరాదు’ అని రాసి ఉంటుంది. చదువు వల్ల నాకు జరిగిన నష్టం అదొక్కటే.