రాయి వదిలేదాకే

"ఈ ఏడైనా కప్పు కొడతావా, ముసలోడా?" సస్కాచువాన్ పల్లెలో, మంచు మీద బరువైన రాయిని గురివైపు జార్చే కర్లింగ్ ఆట హాల్లో, మంచు చదును చేస్తూ వెర్న్ ఎగతాళి చేశాడు.

"కప్పూ లేదు, కాకరకాయా లేదు! రాయిని సరిగ్గా వదలడం వరకే నా పని. ఆపైన అదెటు పోతే నాకేంట్రా?" అని కసిరాడు ఓరెస్ట్.

భార్య స్టెఫా పోయాక ఈ చలికాలానికి అతను పెట్టుకున్న లక్ష్యం అదొక్కటే. ఇన్నేళ్లూ అతను రాయి వదిలితే, అది ఇంకాస్త దూరం జారేలా ఆమె చీపురుతో దాని ముందు మంచు రుద్దుతూ పరిగెత్తేది.

ఇవాళ ఒక్కడే వదిలాడు. అంత చక్కగా ఎన్నడూ వదల్లేదు. అయినా గురిగా గీసిన వలయానికి మూరెడు ముందే రాయి నెమ్మదించింది.

"రుద్దవే! గట్టిగా రుద్దు!" అని హాలంతా మారుమోగేలా అరిచాడు.

ఎన్నడూ మాటకు తడుముకోని వెర్న్, తల వంచుకుని మంచు ఊడ్చుకుంటూ అవతలికి పోయాడు.