సెమిస్టర్ మొదటివారం ఫోన్లు

కాలేజీ తెరిచిన మొదటి రోజు పిల్లలు రారు. మా ఇంజనీరింగ్ కాలేజీలో ఇది ఎవరూ నోటీసు బోర్డులో పెట్టని నియమం. అరవైమంది ఉన్న క్లాసులో పదిహేనుమంది కనిపిస్తే అదే తిరునాళ్ళ. మొదటివారం ఎవరూ పాఠం మొదలుపెట్టరని పిల్లల నమ్మకం. పిల్లలే లేకపోతే ఎవరికి చెప్పాలని మా నమ్మకం. మధ్యలో నలిగేది కౌన్సిలర్లు. కౌన్సిలర్ అంటే పెద్ద పదవేమీ కాదు. లెక్చరర్ ఒక్కొక్కరికీ ఇరవైమంది పిల్లల్ని అప్పగిస్తారు. వాళ్ళ హాజరుకీ, మార్కులకీ, అల్లరికీ మనమే పూచీ. పిల్లలు రాకపోతే ఇళ్ళకి ఫోన్ చేసి, ఎందుకు రాలేదో, ఎప్పుడు వస్తారో కాగితంలో నింపి సాయంత్రం నాలుగులోపు ఆఫీసులో ఇవ్వాలి.

ఈ పనిలో నన్ను మించినవాళ్ళు లేరని మా డిపార్ట్‌మెంట్‌లో పేరు. నేను పెరిగింది బెజవాడ వన్ టౌన్‌లో. కింద గోడౌను, పైన మా ఇల్లు. తోపుడుబళ్ళవాళ్ళ కేకలు దాటుకుని వినబడితేనే అమ్మ అన్నం పెట్టేది, అందుకని గొంతు అలా తయారైంది. దానికి తోడు కోపం. ఫోన్ ఎత్తానంటే అవతలివాళ్ళకి ఊపిరి తీసుకునే సందివ్వను. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందే" అని అమ్మ చిన్నప్పటినుంచీ మొత్తుకుంటూనే ఉంది. "నా ఊరికేం, బాగానే ఉంది" అని నేనూ అంటూనే ఉన్నాను.

రెండేళ్ళ కిందటి మాట. మూడో సంవత్సరం మొదటి సెమిస్టర్ మొదలైంది. కౌన్సిలర్ల జాబితాలు మార్చి, నాకు కొత్తగా ఇరవైమందిని ఇచ్చారు. వాళ్ళలో ఒక్కరి మొహం కూడా నాకు తెలియదు. మొదటి రోజు ఆరుగురు వచ్చారు. మిగతా పద్నాలుగు ఇళ్ళకీ వరసగా ఫోన్లు చేశాను. అందులో ఒకటి పామర్రు దగ్గర పల్లెటూరిది, హాస్టల్లో ఉండి చదువుకునే అమ్మాయిది.

ఆ అమ్మాయి చనిపోయి అప్పటికి పదకొండు రోజులు. పరీక్షలు రాసి సెలవులకి ఇంటికి వెళ్ళింది. జ్వరం వచ్చింది. ప్లేట్‌లెట్లు పడిపోయాయని బెజవాడ తీసుకొచ్చారు. నాలుగు రోజుల్లో అంతా అయిపోయింది. ఈ సంగతి నాకు తెలియదు. తెలియకపోవడం సాకు కాదు. ఎదురుగా కూర్చున్న ఆరుగురిని అడిగి ఉంటే అరనిమిషంలో చెప్పేవాళ్ళు. నేను అడగలేదు, కాగితం మీద నంబరు చూసి ఫోన్ కొట్టాను.

ఎత్తింది తండ్రి. పామర్రులో మోటార్లకి వైండింగ్ చేసే షాపు ఆయనది. వెనక ఏదో మిషను శబ్దం వస్తోంది.

"కాలేజీ నుంచండీ. మీ అమ్మాయి కౌన్సిలర్ని. ఇవాళ సెమిస్టర్ మొదలైంది, మీ అమ్మాయి రాలేదు. డెబ్బై అయిదు శాతం హాజరు లేకపోతే పరీక్ష రాయనివ్వరు, తెలుసు కదా? మొదటి రోజు నుంచే ఇలా ఎగ్గొడితే ఎలా అండీ? మీరైనా చెప్పాలి కదా?" ఇంకా చాలా అన్నాను. పద్నాలుగు ఇళ్ళకీ అదే పాఠం అప్పజెప్పాను కాబట్టి తడుముకోవలసిన పని లేదు.

ఆయన అంతా విన్నారు. "అట్టాగేనండి" అన్నారు.

"అట్టాగే అంటే కుదరదండీ. ఎప్పుడు పంపిస్తారో చెప్పండి, రాసుకోవాలి."

మిషను ఆగిపోయింది. "పంపిస్తానండి" అన్నారు.

కారణం అన్న గడిలో 'తండ్రి రేపు పంపిస్తానన్నారు' అని రాసి తరవాతి నంబరు కొట్టాను.

రెండో రోజు క్లాసు సగం నిండింది. ఆ అమ్మాయి రాలేదు. నాకు ఒళ్ళు మండింది. ఫోన్ ఎత్తగానే, "నిన్న మాటిచ్చారు కదండీ?" అన్నాను.

"అవునండి."

"ఆడపిల్లని ఇంట్లో కూర్చోబెట్టుకుని ముద్దు చేస్తుంటే చదువెలా వస్తుందండీ? ఇది చిన్న క్లాసు కాదు. రేపొద్దున సబ్జెక్టులు పోతే ఏడ్చేది మీరే."

ఈ మాట నేనే అన్నాను. ఇప్పటికీ ఫోన్ చేతిలోకి తీసుకుంటే ఇదే గుర్తొస్తుంది.

"తప్పేనండి" అన్నారాయన. తరవాత, "ఇయ్యాల క్లాసులో ఏం చెప్పారండీ?" అని అడిగారు.

తండ్రులు అడిగే ప్రశ్న కాదది. ఫీజు గురించి అడుగుతారు, హాస్టల్ భోజనం గురించి అడుగుతారు. విసుక్కుంటూనే చెప్పాను, మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు కరెంటు ఎందుకు ఎక్కువ లాగుతుందో చెప్పామని. "ఆ, మరి లాగుద్దండి" అన్నారు ఇష్టంగా. "మా అమ్మాయికి అది తెలుసండి. చిన్నప్పుడే చెప్పాను."

"తెలిస్తే సరిపోదండీ, రావాలి" అని పెట్టేశాను.

మూడో రోజు ఉదయమంతా నాకు ల్యాబు ఉంది. ఫోన్లు మధ్యాహ్నం చేద్దామనుకున్నాను. పన్నెండు దాటాక ఆయనే చేశారు.

"మేడంగారూ, ఇయ్యాల ఫోన్ చెయ్యలేదండి" అన్నారు.

"ల్యాబులో ఉన్నానండీ. మీ అమ్మాయి ఇవాళ కూడా రాలేదు."

"రాలేదాండీ?"

"మీకు తెలియదా రాలేదని? మీ ఇంట్లోనే కదా ఉంది!" ల్యాబులో పిల్లలు తల తిప్పి చూసేంత గట్టిగా అరిచాను. ఆయన దానికి కూడా అలాగేనండి అన్నారు.

ఆ మధ్యాహ్నమే ఇద్దరు ఆడపిల్లలు స్టాఫ్ రూమ్ గుమ్మంలో నిలబడ్డారు. ఇద్దరూ ఆ అమ్మాయి రూమ్మేట్లు, అప్పుడే ఊళ్ళ నుంచి హాస్టల్‌కి చేరారు. గదిలో మూడో మంచం మీద ఆ అమ్మాయి దుప్పటీ, నోట్సులూ అలాగే ఉన్నాయట. ఇంటికి పంపించాలంటే ఎవరిని అడగాలో కనుక్కుందామని వచ్చారు.

"ఎందుకు పంపించడం? రేపో మాపో వస్తుంది కదా" అన్నాను.

వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చెప్పారు.

బల్ల మీద నేను నింపిన ఆ రోజు కాగితం ఉంది. మూడు రోజులూ ఒకటే మాట, నా చేతిరాతతో, 'తండ్రి రేపు పంపిస్తానన్నారు'. మూడోది ఇంకా ఆఫీసుకి ఇవ్వలేదు. ఆ గడి కొట్టేసి అసలు కారణం రాయడానికి నాకు చాలాసేపు పట్టింది. రాశాక, ఆ అమ్మాయి నంబరు హాజరు పట్టీలోంచి తీసెయ్యాలంటూ ఆఫీసువాళ్ళు ఇంకో ఫారం ఇచ్చారు. అదీ కౌన్సిలరే నింపాలి.

ఆయనకి ఫోన్ చేసి క్షమించమని అడగడానికి నోరు రాలేదు. ఇన్నాళ్ళూ ఆడిన నోరు అది. అమ్మకి చెప్పాను. ఎప్పుడూ తిట్టే అమ్మ ఈసారి తిట్టలేదు. "ఫోన్లో ఏం చెప్తావే? వెళ్ళు. వెళ్ళి వాళ్ళ ముందు కూర్చో" అంది.

మర్నాడు ఆదివారం. చర్చిలో ప్రార్థన అయి వాళ్ళు ఇంటికి వచ్చేస్తారని రూమ్మేట్లు చెబితే, మధ్యాహ్నానికి చేరేలా బస్సెక్కాను. ఉయ్యూరు దాటాక కాలవ పక్కన నారుమళ్ళు పచ్చగా ఉన్నాయి. ఏం మాట్లాడాలో కూడబలుక్కుంటూనే ఉన్నాను. గడగడా పాఠం చెప్పేదాన్ని, ఆ రోజు ఒక్క వాక్యం కూడా కుదరలేదు. పామర్రులో దిగి ఆటో ఎక్కాను.

ఇంటి ముందు రేకుల పంచ. చర్చి పేరు రాసి ఉన్న ప్లాస్టిక్ కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి, చావు జరిగిన ఇంట్లో పెట్టే ఆదరణ కూటానికి తెచ్చినవి ఇంకా తిరిగి ఇవ్వలేదు. గోడ మీద ఆ అమ్మాయి ఫొటో ఉంది. నేను మూడు రోజులపాటు అంతంత మాటలన్న పిల్లని మొదటిసారి చూడటం అక్కడే. పలచటి మనిషి, కళ్ళజోడు పెట్టుకుంది.

నేను ఎవరో చెప్పగానే ఆయన గబగబా లేచి కుర్చీ తుడిచి వేశారు. "కూర్చోండి మేడంగారూ, ఎండన పడొచ్చారు" అని లోపలికి వెళ్ళబోతుంటే ఆపాను. "నన్ను క్షమించండి. నాకు తెలియలేదు. తెలియకుండా నోటికొచ్చినట్టు మాట్లాడాను. మీరు ఒక్క మాట చెప్పి ఉండాల్సిందండీ" అన్నాను. అక్కడ కూడా తప్పు ఆయన మీదికే తోశానని ఆ మాట బయటికి వచ్చాక తెలిసింది.

ఆయన నా ఎదురుగా కింద కూర్చున్నారు. "చెబుదామనే అనుకున్నానండి. మొదటి రోజే. మీరు తిడతన్నారు. తిడతన్నంతసేపూ మా అమ్మాయి లోపల పడుకుని కాలేజీకి ఎగ్గొట్టిందేమో అన్నట్టుందండి. చెప్పేస్తే మీరు మళ్ళీ చెయ్యరు గదండీ."

తల్లి గడప అవతల కూర్చుని ఉంది. ఆమెకి ఈ ఫోన్ల సంగతి ముందురోజే తెలిసిందట. "మీరేనా అండీ" అంది. అవునన్నాను. ఎన్ని మాటలన్నా పడదామనే వచ్చాను.

"పద్నాలుగు రోజుల నుంచి వస్తన్నారండి జనం" అంది. "అందరూ మంచోళ్ళే. ఆదరిస్తన్నారు. దేవుడి చిత్తమన్నారు, ప్రభువు దగ్గర సుఖంగా ఉందన్నారు. అన్నిటికీ తల ఊపానండి. కోపం వస్తందండి నాకు. ఎవరి మీదా అంటే దాని మీదే. చచ్చిపోయిన పిల్ల మీద కోపమేంటని ఎవరికీ చెప్పలా. రాలేదేంటని గట్టిగా అడిగింది మీరొక్కరే."

నాకు ఏడుపు ఆగలేదు. ఆమె ఏడవలేదు. లేచి వచ్చి ఫొటో ముందు నిలబడింది. నా మొహం చూసి, మళ్ళీ ఫొటో వైపు తిరిగింది.

"సెలవులైపోయినయ్యి గదే" అంది. ఆమె గొంతు పెరిగింది. "కాలేజీ తెరిచారు గదే. మేడంగారు ఇంత దూరం వచ్చారు. ఎందుకు పోలేదే? చెప్పవేం? ఎందుకు పోలేదే?"

పక్కిళ్ళవాళ్ళు గుమ్మాల్లోకి వచ్చారు. ఒకావిడ లోపలికి రాబోతే ఆయన వద్దని చెయ్యి ఊపారు. ఆమె అరుస్తూనే ఉంది. మేమిద్దరం అక్కడే కూర్చుని విన్నాం.