బయటికి బాబాయ్

ఆ ఆసుపత్రిలో ఏ కంప్యూటరు చెడిపోయినా బాబాయ్ మొదట ముట్టుకునేది యంత్రాన్ని కాదు, తలుపుని. దాన్ని బార్లా తీసి, "అందరూ బయటికి!" అనేవాడు. గదిలో ఈగ కూడా మిగలకుండా గెంటేశాకే పనిలోకి దిగేవాడు. అందుకే ఆయనకి 'బయటికి బాబాయ్' అన్న పేరు స్థిరపడిపోయింది.

మందుల కౌంటర్లో ప్రింటరు మొరాయిస్తే ఫార్మసిస్టుని గెంటాడు. "నేనెందుకండీ వెళ్లడం?" అంటే, "ఇది మహా మొహమాటస్తురాలు. ఎవరైనా చూస్తుంటే కాగితం మింగదు" అన్నాడు. సూపరింటెండెంటుగారినైతే ఆయన సొంత గదిలోంచే గెంటాడు. పాపం పెద్దాయన కాఫీ కప్పుతో వరండాలో అరగంట పచార్లు చేస్తూ, ఎదురుపడ్డ ప్రతివాళ్లకీ "ఊరికే, గాలికి" అని చెప్పుకున్నాడు.

"టీవీ రిమోట్లో బ్యాటరీలు మార్చాలన్నా నన్ను వంటింట్లోకి తోలేస్తారు" అని పిన్ని వాపోయేది.

అందరికంటే ఎక్కువ నవ్వేది బాబాయ్ కింద పనిచేసే ఇంజనీరమ్మ. తన పనితనం ఎవరైనా కాపీ కొట్టేస్తారని ఆయనకి భయమని ఆమె తీర్మానం. మూడేళ్లుగా ఆమెనీ గెంటుతూనే ఉన్నాడు మరి!

ఒక సోమవారం ఉదయం ల్యాబ్ నుంచి వార్డులకి రిపోర్టులు వెళ్లడం ఆగిపోయింది. ఆపరేషన్‌కి సిద్ధం చేసిన రోగి బల్లమీద ఉన్నాడు. రక్తపరీక్ష ఫలితం రాక సర్జన్‌గారు చిందులు తొక్కుతున్నారు. ల్యాబ్ కంప్యూటర్లన్నిటినీ కలిపే స్విచ్ పెట్టె దూరం నుంచి ఎంత పిలిచినా పలకడం లేదు. ఇక మిగిలింది ఒకటే దారి. ల్యాప్‌టాప్‌ని కన్సోల్ కేబుల్‌తో నేరుగా దానికే తగిలించి మాట్లాడించాలి.

బాబాయ్ వచ్చేసరికి ఆ పెట్టె ఉన్న ఇరుకు గదిలో సర్జన్, సూపరింటెండెంటు, ఇద్దరు నర్సులు, మధ్యలో ల్యాప్‌టాప్ ముందు బిక్కచచ్చిపోయిన ఇంజనీరమ్మ.

"అందరూ బయటికి!"

"అక్కడ రోగి పడుకుని ఉన్నాడయ్యా!" అని సర్జన్ అరిచారు.

"మీ ఆపరేషన్ గదిలోకి నన్ను రానిస్తారా డాక్టరుగారూ?"

సర్జన్ తలుపువైపు తిరిగారు. అందరూ కదిలారు. ఇంజనీరమ్మ కూడా లేచింది.

"నువ్వుండు అమ్మడూ" అని బాబాయ్ తలుపు గడియ పెట్టాడు.

"తెర నల్లగా ఉంది బాబాయ్. ఎంటర్ కొడితే ఉలుకూ పలుకూ లేదు."

"కేబుల్ ల్యాప్‌టాప్‌కి ఏ పక్క గుచ్చావు?"

"ఎప్పుడూ ఎడమ పక్క. ఇవాళ కంగారులో కుడి పక్క."

"అయితే ల్యాప్‌టాప్‌లో పోర్టు నంబరు మారిపోయింది. నువ్వు వాళ్లు ఖాళీ చేసిన ఇంటి తలుపు కొడుతున్నావు."

నంబరు మార్చింది. తెరనిండా పిల్లి కీబోర్డు మీద నడిచినట్టు పిచ్చి గీతలు.

"నోరు విప్పింది కదా! వేగం కుదర్లేదు, అంతే. నువ్వు గడగడా అడుగుతున్నావు, ఇది నిదానస్తురాలు. తొమ్మిదివేల ఆరువందలు పెట్టు."

పెట్టింది. అక్షరాలు బుద్ధిగా వరసలో నిలబడి పాస్‌వర్డ్ అడిగాయి.

"పొద్దుట్నించీ ఏం జరిగిందో చెప్పమను."

పెట్టె చెప్పింది. తొమ్మిది గంటల నాలుగు నిమిషాలకి ఇరవైనాలుగో పోర్టు మూసేశారట. పక్కనే ఆమె పేరు.

ఆమె ఆ నంబరు మళ్లీ చదివింది. మూయాల్సింది వాడకంలో లేని పద్నాలుగుని. ఇరవైనాలుగంటే ల్యాబ్‌ని మిగతా ఆసుపత్రితో కలిపే దారి!

బాబాయ్ గోడవైపు తిరిగి, అక్కడున్న ఖాళీ మేకుని శ్రద్ధగా పరీక్షిస్తూ, "తెరిచెయ్. ఒక్క లైనేగా" అన్నాడు.

ఆమె కంగారులో రెండుసార్లు తప్పు కొట్టి, మూడోసారి తెరిచింది. తలుపవతల "వచ్చేసింది! రిపోర్టు వచ్చేసింది!" అని కేకలు. సర్జన్ పరుగెత్తిన చప్పుడు.

"నేనేనని మీకు ముందే తెలుసా?"

"నీ మొహం చూస్తే అనుమానమొచ్చింది. వీటిల్లో సగం యంత్రం తప్పులు కావమ్మా. పదిమందీ వెనక నిలబడి తెరమీద పేరు చదివారంటే, ఆ మనిషి ఇక జన్మలో ధైర్యంగా కీబోర్డు ముట్టుకోడు. ఇకనుంచి నంబరు కొట్టాక ఒకసారి చదువుకుని ఎంటర్ నొక్కు."

"అయితే ఆ ప్రింటరు?"

"అందులో ఇరుక్కున్నది ఫార్మసిస్టుగారి కవిత."

"సూపరింటెండెంటుగారి కంప్యూటరు?"

"అది మాత్రం అడక్కు."

బయట సూపరింటెండెంటు అడ్డం పడ్డాడు. "ఏమైందయ్యా?"

"గదిలో చలి ఎక్కువైందండీ. పెట్టె బిగుసుకుపోయింది."

పెద్దాయన ఆ మధ్యాహ్నమే ఏసీ కట్టేయించి, రిమోట్ తన జేబులో వేసుకున్నాడు. వారం రోజులు ఇద్దరూ ఆ గదిలో ఉడికిపోయారు.

"పోనీ నేనే వెళ్లి నిజం చెప్పేస్తాను బాబాయ్" అంది ఆమె నాలుగోరోజు.

"నోర్ముయ్" అన్నాడు బాబాయ్, ఫైలుతో విసురుకుంటూ. "ఇంకా నయం. పెట్టెకి ఎండ తగల్లేదని చెప్పుంటే, ఈపాటికి మనిద్దరం మేడమీద కూర్చునేవాళ్లం."