నోట్లో దాచుకున్న నిప్పు

మా అత్తగారు కనకరత్నం గారు ఆదివారం తెల్లచీర కట్టుకుని చర్చికి వస్తే పాస్టరుగారి భార్య కూడా జరిగి చోటిచ్చేది. అల్లవరం చేలల్లో నాట్లేసి, కోతలు కోసి, ఒక్కగానొక్క కొడుకుని మాస్టారుని చేసిన మనిషి. ఆ కొడుకు బెంజమిన్, మా ఆయన. వాళ్ళమ్మ మీద ఈగ వాలనివ్వడు.

ఆ వానాకాలం ఆవిడ కూరలో కారం తగ్గించమంది. తర్వాత కూరే వద్దంది. చల్లారిన గంజి తాగుతూ, వేడి టీకి అంగిలి కాలిందని చెప్పేది. నెలలు గడిచినా ఆ కాలిన చోటు మానలేదు. ఏ టీ అయినా ఇన్నాళ్ళు కాలుస్తుందా అని నాకు అనుమానం పట్టుకుంది.

ఒక సాయంత్రం ఆవిడ పెరట్లో అంట్లు తోముతోంది. పలకరిస్తే తలూపిందే గాని నోరు మెదపలేదు. ముక్కులోంచి సన్నగా పొగ వచ్చింది. పెదవుల మధ్య చుట్ట వెలిగించని కొస మాత్రం కనబడుతోంది. నిప్పున్న కొస నోటి లోపలుంది.

అడ్డపొగ అంటారు దీన్ని. ఇటువైపు ఆడకూలీల పాత అలవాటు. ఊడ్పుల్లో వానకీ సముద్రపు గాలికీ చుట్ట ఆరిపోకుండా నిప్పుని నోట్లో దాచుకునేవారు. రెండు చేతులూ పనికి ఖాళీగా ఉండేవి. కూలి మానేసి ఏళ్ళయినా ఆవిడ నిప్పు మానలేదు. నిప్పు బయటికి కనబడదు గనక ఒకే ఇంట్లో ఉన్న కొడుక్కీ తెలియలేదు. వాసనొస్తే పక్కింటాయన మీదకి తోసేసేది. ఆయన పాపం ఏనాడూ బీడీ ముట్టి ఎరగడు.

ఆస్పత్రికి రమ్మని బతిమాలాను, కసిరాను. "అబ్బాయికి తెలిస్తే చర్చిలో తలెత్తుకోలేనమ్మాయ్" అని నా చెయ్యి పట్టుకుంది. నాకు జాలీ వేసింది, ఒళ్ళూ మండింది.

పోయిన నెల చర్చి హాల్లో వైద్యశిబిరం పెట్టారు. అమలాపురం నుంచి డాక్టరమ్మ వచ్చింది. సంఘం పెద్దగా బెంజమినే కుర్చీలు వేయించి, వాళ్ళమ్మని అందరికంటే ముందు కూర్చోబెట్టాడు. వెనక వరసలో ఆదిలక్ష్మి, ఇంకొంతమంది ఆడవాళ్ళు నిలబడ్డారు. వాళ్ళంతా అత్తగారి పాత కూలిజట్టు.

డాక్టరమ్మ పొగ తాగే అలవాటుందా అని అడిగింది. అత్తగారు లేదంది. మా ఆయన నవ్వి, "మా అమ్మకాండీ? అలాంటివేం లేవండీ" అన్నాడు. నోరు తెరవమంటే వేలు పట్టేంత తెరిచి, నొప్పంది. డాక్టరమ్మ ఇంకా చూడాల్సినవాళ్ళ వరస చూసుకుని, నోటిపూత అనుకుని విటమిన్ మాత్రలు రాయబోయింది.

ఇప్పుడు లేచి ఇంటికెళితే ఈవిడ మళ్ళీ ఏ డాక్టరుకీ దొరకదు. నేను నోరు విప్పితే మా ఆయన నా మొహం చూడడు.

"అత్తయ్యగారూ, మీరు చెప్తారా, నన్ను చెప్పమంటారా?" అన్నాను.

బెంజమిన్ చూసిన చూపుకి ఇంకొకత్తయితే మాట మింగేసేది. నేను మింగలేదు. అడ్డపొగ సంగతి అందరికీ వినబడేలాగే చెప్పాను.

"అబద్ధమని చెప్పమ్మా" అన్నాడు.

ఆవిడ కొడుకు వైపు చూడలేదు. కళ్ళు మూసుకుని, నొప్పికి వణుకుతూ నోరు పూర్తిగా తెరిచింది. డాక్టరమ్మ టార్చి వేసింది. అంగిలంతా తెల్లగా పాలిపోయి, మధ్యలో ఎర్రటి పుండు. టార్చి చాలాసేపు కదల్లేదు. కేన్సరేమోనని భయంగా ఉందనీ, ముక్క తీసి పరీక్ష చెయ్యాలనీ, రేపే కాకినాడ తీసుకెళ్ళమనీ చెప్పింది. బెంజమిన్ తను వేయించిన కుర్చీల్లోనే ఒకదాన్లో కూలబడ్డాడు.

ఈ అలవాటు ఇంకెవరికైనా ఉందా అని డాక్టరమ్మ అడిగింది. ఆదిలక్ష్మి కొంగు నోటికి అడ్డం పెట్టుకుని తలుపు వైపు జరిగింది.

అత్తగారు లేచింది. చర్చిలో తలెత్తుకోలేనన్న మనిషి, ఆదిలక్ష్మి ఎదురుగా వెళ్ళి తలెత్తి నోరు తెరిచి చూపించింది.

"చూసేవా? ఇద్దరం ఒకే నిప్పుతో వెలిగించుకునేవాళ్ళం కదే" అంది.

ఆదిలక్ష్మి ఆ నోట్లోకి చూసింది. తర్వాత కొంగు తీసేసి, వచ్చి అత్తగారి కుర్చీలో కూర్చుంది.