మంథని బస్టాండులో ఆగిపోయిన చుక్క

ఎవరికీ చెప్పని మాట ఒకటి ఏళ్లుగా మోస్తున్నాను. మీకు చెబుతున్నాను, ఎందుకంటే మీరు నన్ను ఎరగరు. ఎరిగినవాళ్లు "గింత చిన్న ముచ్చటకా?" అని నవ్వుతారు. వాళ్లు నవ్వితే నేనూ నవ్వేస్తాను. నా భయమంతా అదే.

కరీంనగర్‌లో జిరాక్స్ షాపు మీది గది మా ఆఫీసు. కంపెనీ పెట్టింది సాగరన్న, యాప్ తయారుచేసింది ఇమ్రాన్, మిగిలిన పనులన్నీ నావి. ఊళ్లకు పోయే బస్సు ఎక్కడిదాకా వచ్చిందో ఫోన్‌లో చూపించే యాప్ మాది. ఎండలో రోడ్డు పక్కన బస్సు కోసం పడిగాపులు పడే జనానికి ఇంట్లోనే సంగతి తెలియాలని మా ఆశ. నస్పూర్‌లో బొగ్గు బాయిల పనిచేసిన మా బాపుకు మాత్రం ఇది ఎక్కలేదు. "సైరన్ మోగని కంపెనీ ఏంది బిడ్డా?" అనేవాడు.

ఆ రోజుల్లో ఉన్నంత సంతోషంగా నేను మళ్లీ ఎన్నడూ లేను. ఉన్నవి రెండే కుర్చీలు, ముందొచ్చినవాళ్లకు కుర్చీ, ఆలస్యమైతే కిటికీ గట్టు. కరెంటు పోతే మెట్ల మీద కూర్చుని సర్వపిండి తుంచుకొని తినేవాళ్లం. కొత్తగా ఎవరైనా యాప్ వాడారంటే ఇమ్రాన్ కింది షాపు దాకా వినబడేలా అరిచేవాడు. షాపాయన పైకి చూసి తిట్టేవాడు. ఆ తిట్లు కూడా ఇప్పుడు తియ్యగానే గుర్తొస్తాయి.

యాప్‌లో బస్సంటే ఒక ఎర్ర చుక్క. అది తనంతట తానే కదులుతుందని జనం అనుకునేవాళ్లు. కదలదు. బస్సు జాడ చెప్పే జీపీఎస్ యంత్రాలు కొనే స్తోమత మాకు లేదు, ఒక్క జగిత్యాల బస్సులోనే పెట్టాం. మిగతా బస్సులకు బస్టాండులో ఒక మనిషిని మాట్లాడుకున్నాం. బస్సు వెళ్లగానే ఆ మనిషి ఫోన్ చేస్తే, నేను చుక్కను చేత్తో జరిపేదాన్ని. మంథనిలో టీ హోటల్ మల్లన్న చేసేవాడు. "జర ఆగు, పైసలు రానీ, అన్నిట్ల పెడదాం" అనేవాడు ఇమ్రాన్. మోసమని మాకు అనిపించలేదు. చుక్క ఉండాల్సిన చోట ఉంటే, ఎవరు జరిపితే ఏం?

ఒక మధ్యాహ్నం హైదరాబాద్ నుంచి పెట్టుబడి పెట్టే పెద్దమనిషి వచ్చాడు. జగిత్యాల చుక్క తెర మీద మెల్లగా పాకుతుంటే ఆయన కుర్చీ ముందుకు జరుపుకున్నాడు. వివరించేది నేనే. అప్పుడే చేతిలో ఫోన్ వణికింది. మల్లన్న. ఎత్తితే ఆ పెద్దమనిషి కళ్లముందే మంథని చుక్కను జరపాలి. జరిపితే గుట్టు రట్టు. కట్ చేశాను. మళ్లీ చేశాడు. మళ్లీ కట్ చేశాను. కొంచెంసేపే కదా అనుకున్నాను గానీ, ఆయన ప్రశ్నలు తెగలేదు.

ఆయన్ను సాగనంపడానికి సాగరన్న, ఇమ్రాన్ కిందికి దిగారు. గదిలో నేనొక్కదాన్నే. ఫోన్ మోగింది. యాప్‌లో ఇచ్చిన నంబరు నాదే, మంథని బస్సు దారిలోని ఏదో ఊరి నుంచి ఒకామె.

"అక్కా, మంథని బస్సు ఇంక బస్టాండ్లనే ఉన్నదని చూపెడుతుంది. ఈడ అందరు ఎప్పుడో పోయిందంటున్నరు." వెనక చంటిబిడ్డ ఏడుపు. ఆమె భర్త దుబాయి పోతున్నాడు. కాయితాల పని మీద పొద్దున్నే కరీంనగర్ పోయాడు, అటునుంచి అటే పెద్దపల్లి స్టేషన్‌కు వస్తాడు. బిడ్డను తీసుకొని ఆమె స్టేషన్‌కు పోవాలి. ఇందాకటిదాకా బిడ్డ నిద్రలోనే ఉంది. చుక్క కదల్లేదు కదా, ఇప్పుడే ఎందుకు లేపడమని కూర్చుంది. ఇంకో బస్సు వచ్చేసరికి రైలు వెళ్లిపోతుంది.

నిజం చెప్పడానికి నాకు అడ్డమెవరు? పెద్దమనిషి వెళ్లిపోయాడు కూడా. అయినా నా నోటి నుంచి వచ్చింది ఇదీ: "నీ ఫోన్ల నెట్ సక్కగ లేదు కావచ్చు చెల్లె. మాకు మంచిగనే చూపెడుతుంది." ఆ మాట అంటూనే రెండో చేత్తో చుక్కను జరిపాను.

"అట్లనా అక్కా. గీ ఫోన్ పాతది. కొత్తది కొనుక్కోమని మా ఆయన చెప్పిండు, నేనే ఇనలే. నాదే తప్పు తియ్." పెట్టేసింది. తిట్టి ఉంటే బాగుండేది.

పైసలు వచ్చాయి. అన్ని బస్సుల్లో యంత్రాలు పెట్టాం, చుక్కలు వాటంతటవే నడిచాయి. మా అబద్ధం నిజమైంది. తర్వాత నిజమైనంత మాత్రాన, అబద్ధంగా ఉన్ననాడు అది చేసిన నష్టం పోతుందా? ఆమె నంబరు చాలాకాలం నా ఫోన్‌లోనే ఉంది. చేద్దామనుకున్నాను. చేయలేదు.

తర్వాత కంపెనీని ఎవరో కొనుక్కున్నారు, ముగ్గురం తలోదిక్కయ్యాం. ఇప్పుడు హైదరాబాద్‌లో పెద్ద ఆఫీసు, ఎవరి కుర్చీ వాళ్లకే. ఎప్పుడైనా కలిస్తే ఇమ్రాన్ చుక్క కథ ఎత్తుకుంటాడు. "మిగతా చుక్కలన్ని ఇది చేత్తోటి జరుపుడు, ఆయనేమో జగిత్యాల చుక్కను నోరెళ్లబెట్టి సూస్తుండె!" పొట్ట పట్టుకొని నవ్వుతాం. ఆ మెట్లు, ఆ సర్వపిండి గుర్తొచ్చి నా కళ్లు తడుస్తాయి. వాళ్లు సంతోషమనుకుంటారు. సగం అదే.

దుబాయి పోయినవాడు మళ్లీ ఎన్నాళ్లకు వచ్చాడో. రైలు తలుపు దగ్గర నిలబడి ఎంతసేపు చూశాడో. తిరిగొచ్చిన నాడు బిడ్డ కొత్తమనిషిని చూసినట్టు ఏడ్చిందా? పాత ఫోన్ సంగతి ఎత్తి అత్తింట్లో ఎవరైనా ఆమెను దెప్పారా? ఎవరూ దెప్పకపోయినా, తనను తాను ఎన్నిసార్లు అనుకొని ఉంటుంది? నన్ను క్షమించమని అడగను. ఆమెకు నేను చేసింది తెలియనే తెలియదు, దేన్ని క్షమిస్తుంది?

ఆనాడు అనాల్సిన మాట ఇప్పుడంటున్నాను, ఆమెకు వినబడకపోయినా. నెట్ మంచిగనే ఉండె చెల్లె. నీ ఫోన్ కూడా మంచిదే.